ఆయమ్మ చూసింది ఉపాధ్యాయులకు చేరాలి

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. ఈమధ్య మధ్యాహ్నం పాఠాలప్పుడు తలనొప్పి అంటూ బెంచీ మీద తల వాల్చేస్తోందని, లెక్కల్లో వెనకబడిందని ఉపాధ్యాయులు చెప్పారు. అసలు కారణం మాత్రం బడిలోని ఆయమ్మ వల్ల తెలిసింది. మరుగుదొడ్డి తలుపు గడియ ఊడిపోయినప్పటి నుంచి మా అమ్మాయి బడిలో మంచినీళ్లు తాగడమే మానేసిందట. చదువు సంగతుల్లో ఆయమ్మ జోక్యమేమిటని మావారు విసుక్కుంటున్నారు. ఇలాంటి సిబ్బందికి పిల్లల చదువుతో నిజంగా సంబంధం ఉంటుందా?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంటుందనడానికి మీ అమ్మాయి విషయమే చాలు. లెక్కల ఉపాధ్యాయుడు ఒక్కో తరగతిని చూసేది ఒక పీరియడ్ సేపు, అదీ అందరూ వరుసగా కూర్చుని ఉన్నప్పుడు. గేటు దగ్గర ఏడుస్తూ నిలబడ్డ పిల్లను, కుళాయి దగ్గర ఒంటరిగా తిరిగే పిల్లవాణ్ని ముందుగా చూసేది ఆయాలు, వంటవాళ్లు, వాచ్‌మన్లే.

మధ్యాహ్న భోజనమే చూడండి. కేంద్ర నిబంధనల ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక వంట సహాయకురాలు, 100 మంది వరకు ఇద్దరు ఉంటారు. రోజూ అన్ని ముఖాలను చూస్తూ వడ్డించే ఆ ఇద్దరికి, ఎవరు కంచం ముట్టకుండా లేచిపోతున్నారో, ఎవరు సోమవారం పూట రెండోసారి, మూడోసారి అన్నం అడుగుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఆదివారం ఇంట్లో పొయ్యి వెలగలేదేమోనన్న అనుమానం రావలసింది అక్కడే. ఆకలితో ఉన్న పిల్లవాడికి భిన్నాలు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కవు.

అయితే వాళ్లు గమనించింది ఉపాధ్యాయుల దాకా వెళ్లే దారి చాలా బడుల్లో లేదు. సిబ్బంది సమావేశమంటే ఉపాధ్యాయుల సమావేశమే అయిపోయింది. అందులో వారానికోసారి పది నిమిషాలు ఆయమ్మను, వంటవాళ్లను కూర్చోబెట్టుకుని, ఏ పిల్లల తీరు మారిందో అడగమని తల్లిదండ్రుల కమిటీ ద్వారా ప్రధానోపాధ్యాయులను కోరండి. గడియ బాగు చేయించే పని మాత్రం ఆ సమావేశం దాకా ఆగనక్కరలేదు, రేపే అడగండి. తలనొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఒక హద్దు కూడా ఉంది. ఆయమ్మ కౌన్సెలర్ కాదు. ఆమెకిచ్చే కొద్దిపాటి జీతానికి ఆ బరువు కూడా మోయమనడం న్యాయం కాదు. పిల్లలు చెప్పుకున్నది ఓపికగా విని, సరైన వారికి చేరవేస్తే ఆమె చేయగలిగింది చేసినట్టే. బెంగ, నిద్రలేమి లాంటివి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. లైంగిక వేధింపుల మాట వస్తే మాత్రం ‘ఎవరికీ చెప్పనులే’ అని పిల్లకు మాట ఇవ్వకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన వారు ఎవరైనా సరే, పోలీసులకు తెలియజేయాల్సిందే. పిల్లల సహాయవాణి 1098 కూడా ఉంది.

ప్రశ్న: మా బాబుకు మేధో వైకల్యం ఉంది. మామూలు బడిలో చేర్చాం కానీ తరగతిలో ఊరికే కూర్చుని వస్తున్నాడు. ఎవరిని అడగాలి?
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం గురించి మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. అక్కడ పనిచేసే ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఇలాంటి పిల్లలకు బోధించడానికే శిక్షణ పొందినవారు. బాబుకు ఏ పని ఎంతవరకు వచ్చో వారు అంచనా వేశాక, ఆ వివరాలు తరగతి ఉపాధ్యాయురాలికి కూడా అందేలా మీరే పట్టుబట్టండి. లేకపోతే భవితలో నేర్చుకున్నది ఒకటి, బడిలో చేయించేది మరొకటి అవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. కాబట్టి వైకల్య ధ్రువీకరణ పత్రం ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి.