మొదటి వాయికి ఏం కొనాలి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. ఇంట్లో బీరు తయారు చేయడం నేర్చుకోవాలని చాలాకాలంగా ఉంది. సామాను కొందామని చూస్తే తల తిరిగిపోతోంది. ఒక కిట్‌లో 30 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, కార్బాయ్ అనే ఇరుకు మెడ గాజు జాడీ, రెండు మూడు రకాల గొట్టాలు, ఇంకా ఏవేవో ఉన్నాయి. మరోచోట అడుగు గరాటులా ఉండే స్టీలు ఫర్మెంటర్ (బీరు పులియబెట్టే పాత్ర) చూశాను, మెరుస్తూ ఎంత బాగుందో! నా స్నేహితుడు "ఎలాగూ కొంటున్నావు కదా, మంచిదే కొనెయ్, మళ్ళీ మళ్ళీ కొనే పని ఉండదు" అంటున్నాడు. మా వంటింట్లో గ్యాసు పొయ్యి, 12 లీటర్ల స్టీలు గిన్నె ఉన్నాయి. గది కాస్త వేడిగానే ఉంటుంది. ఏది ముందు కొనాలి, దేనికి ఆగాలి?
– ఒక పాఠకుడు

జవాబు: గది వేడిగా ఉంటుందని రాశారు చూడండి, అది చాలా పనికొచ్చే సంగతి. సామాను గురించి అడిగేవాళ్ళు గది గురించి చెప్పనే చెప్పరు. అక్కడికి కాసేపట్లో వస్తాను. అంతకంటే ముందు, మీరుండే చోట ఇంట్లో బీరు తయారీకి చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. బ్రిటన్‌లో 1963 నుంచి దీనికి లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం దారి తెరిచింది. అన్నిచోట్లా అలా లేదు. ఒప్పుకోని చోట ఈ సామాను కొనమని నేను చెప్పను.

ఇక కొనే సంగతి. ఈ పనిలో మరగడం ఒక హద్దు. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ సారం) నీళ్ళలో కరిగించి, చేదునిచ్చే హాప్స్ పూలు వేసి, గంటసేపు మరిగించేదాకా తగిలే గిన్నె, గరిటె, జల్లెడ మామూలుగా కడిగి ఉంటే చాలు. వాటిమీద ఏ సూక్ష్మజీవి ఉన్నా ఆ మరుగులో బీరును పాడుచేసే శక్తి దానికి మిగలదు. మరిగించిన ఆ తియ్యటి ద్రవాన్ని వోర్ట్ అంటాం. అది చల్లారిందంటే చాలు, దాన్ని పులియబెట్టి బీరుగా మార్చే ఈస్ట్‌కి ఎంత ఇష్టమో గాలిలో తిరిగే అడవి ఈస్ట్‌కీ, లాక్టిక్ బాక్టీరియాకీ అంతే ఇష్టం. నేను సూక్ష్మజీవుల ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిని. పోషకాలున్న ద్రవాన్ని మూత తీసి పెడితే ఏమవుతుందో కళ్ళారా చూస్తూ బతికాను. పెద్ద పెద్ద బ్రూవరీలకే ఈ బాధ తప్పలేదు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపించాకే, అడవి ఈస్ట్ కలిసి బీరు చెడిపోవడాన్ని అరికట్టే మార్గం దొరికింది. అందుకే నా మాట ఇది: మరిగేదాకా ఉన్నవాటితో సర్దుకోండి, చల్లారాక బీరుకు తగిలే ప్రతి వస్తువుమీదా డబ్బూ శ్రద్ధా పెట్టండి.

మీ 12 లీటర్ల గిన్నె బంగారంలా సరిపోతుంది. 10 లీటర్ల వాయితో మొదలుపెట్టండి. గిన్నెలో ఏడెనిమిది లీటర్లకు మించి మరిగించకండి. మరుగు పట్టే ముందు నురుగు ఒక్కసారిగా పొంగుతుంది, పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు. మిగతా నీళ్ళు ముందే కాచి చల్లార్చి, మూతపెట్టి ఉంచుకుని చివర్లో కలపండి. గిన్నెను మంచునీళ్ళ తొట్టెలో దించితే ఈ కాస్త వోర్ట్ త్వరగానే చల్లబడుతుంది. కిట్లలో చెప్పే 19, 23 లీటర్లకు వెళ్తే ఈ సులువంతా పోతుంది. అప్పుడు 30 లీటర్ల గిన్నె కావాలి, దాన్ని మరిగించే పొయ్యి కావాలి, చల్లార్చడానికి రాగి చుట్ట కావాలి. అవన్నీ మంచి వస్తువులే. మొదటి వాయికి మాత్రం అక్కర్లేదు.

ఫర్మెంటర్‌గా ప్లాస్టిక్ బకెట్టే కొనండి. ఆహారానికి వాడదగినదని రాసి ఉన్న హెచ్‌డీపీఈ బకెట్టు, గట్టిగా బిగిసే మూత ఉన్నది, 10 లీటర్ల బీరుకు 13 నుంచి 15 లీటర్లది చూసుకోండి. ఈస్ట్ విజృంభించినప్పుడు నురుగు పైకి లేస్తుంది, దానికి చోటుండాలి. ఘాటైన వాసనలున్న పదార్థాలు పెట్టిన పాత డబ్బా వద్దు. ప్లాస్టిక్ ఆ వాసనను వదలదు. కొత్త బకెట్టును మెత్తటి గుడ్డతోనే కడగండి, పీచు పెట్టి రుద్దకండి. గీతలు పడితే వాటిలో బాక్టీరియా దాక్కుంటుంది, శానిటైజర్ అక్కడిదాకా చేరదు. గీతలు పడ్డ బకెట్టును నిస్సంకోచంగా తీసేయండి.

గాజు కార్బాయ్ నేను ఎవరికీ చెప్పను. గీతలు పడదు, లోపల జరిగేదంతా కనిపిస్తుంది, నిజమే. కానీ 19 లీటర్ల బీరుతో నిండితే పాతిక కిలోల దాకా తూగుతుంది. తడి చేతుల్లోంచి జారితే పగిలేది పాత్ర ఒక్కటే అయితే బాగుండును, చేతులూ కాళ్ళూ లోతుగా తెగుతాయి. పైగా మెడ ఇరుకు, చెయ్యి దూరదు, అడుగున ఎండిన మడ్డి తీయడం నరకం. ఇక ఆ మెరిసే స్టీలు ఫర్మెంటర్. వెలుతురు చొరబడదు, చాలాకాలం మన్నుతుంది, ఒకరోజు మీరు కొంటే సంతోషిస్తాను. అయితే దాని వాల్వులూ రబ్బరు వాషర్లూ ప్రతిసారీ ఊడదీసి కడగాలి. కడిగే అలవాటు ఇంకా చేతికి రానివాళ్ళకు అది భారమే.

బకెట్టుకు కింద కుళాయి ఉంటే సీసాల్లో పట్టడం తేలిక. ఉన్నది కొంటే మాత్రం, ప్రతి వాయి తర్వాతా కుళాయి విప్పి, ముక్కలు చేసి, కడగండి. పైకి తళతళలాడుతున్న బకెట్టు కుళాయి మరలో జిగురు పేరుకుని ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. లోపలి గ్యాసును వదిలి బయటి గాలిని రానివ్వకుండా మూతకు బిగించే ఎయిర్‌లాక్‌లో మూడు ముక్కలుగా విడివడేది తీసుకోండి. ఎస్ ఆకారంలో ఉండే గొట్టంలోకి నురుగు ఎక్కితే లోపల తోమలేం.

శానిటైజర్ మీద పిసినారితనం వద్దు. కడగడం వేరు, క్రిములను చంపడం వేరు. ముందు సోడియం పర్‌కార్బొనేట్ కలిపిన వేడినీళ్ళతో మురికి పోగొట్టాలి. తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న, కడగాల్సిన పనిలేని శానిటైజర్ లీటరు నీళ్ళకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, వస్తువు ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉండేలా చూడాలి. ఏ మందైనా సీసా మీద రాసిన కొలతే ఆఖరి మాట. నురుగు మిగిలితే భయపడకండి, అది బీరును చెడగొట్టదు. ఇదే నీళ్ళు ఒక స్ప్రే సీసాలో పోసి దగ్గర పెట్టుకోండి. కత్తెర, ఈస్ట్ ప్యాకెట్టు అంచు, మీ చేతులు, అన్నిటిమీదా కొట్టుకోవచ్చు. బ్లీచింగ్ ద్రవం మాత్రం వద్దు. సరిగ్గా కడగకపోతే అందులోని క్లోరిన్ బీరులో మందుల వాసన పుట్టిస్తుంది, స్టీలును కూడా తింటుంది.

ఇప్పుడు మీ వేడి గది. ఏల్ రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది, బకెట్టు లోపల గదికంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. 30 దాటితే ఆ ఈస్ట్ ఫ్యూజెల్ ఆల్కహాల్స్ ఎక్కువగా చేస్తుంది, బీరులో ద్రావకం వాసన, గొంతులో మంట వస్తాయి. ఎంత ఖరీదైన పాత్ర అయినా దీన్ని ఆపలేదు. బకెట్టు పట్టే తొట్టె ఒకటి, బకెట్టుకు అంటించే థర్మామీటర్ పట్టీ ఒకటి కొనండి. తొట్టెలో సగందాకా నీళ్ళు పోసి బకెట్టు అందులో నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పొద్దునా సాయంత్రం మారుస్తూ ఉండండి. మొదటి మూడు రోజులు ఈ కాపలా తప్పనిసరి, రుచిని తేల్చేది ఆ రోజులే. ఆ తర్వాత కాస్త వేడెక్కినా పెద్ద నష్టం లేదు. ఇంత చాకిరీ కుదరదంటే క్వైక్ ఈస్ట్ తెప్పించుకోండి. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన ఈస్ట్ అది, 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా శుభ్రంగా పనిచేస్తుంది. చలిలో పులిసే లాగర్ రకం బీరు ఆలోచన ఇప్పుడు పెట్టుకోకండి, దానికి 8 నుంచి 13 డిగ్రీల చలి కావాలి, అంటే విడిగా ఒక ఫ్రిజ్ కావాలి.

మీ స్నేహితుడి సలహా ప్రేమతో ఇచ్చిందే. కానీ ఏది మంచిదో మీ చేతులకు తెలియకముందే మంచిది కొనడం ఎలా? సీసాల్లో పట్టడం మీకు ఇష్టమవుతుందో లేదో కూడా ఇంకా తెలియదు కదా. కిట్‌లో పెద్ద బకెట్టూ గాజూ అంటగడుతుంటే విడివిడిగా కొనండి. సైఫన్ గొట్టం, సీసా అడుగును తాకితేనే తెరుచుకునే స్ప్రింగు గొట్టం, ఒక గ్రాము తేడా చూపించే చిన్న త్రాసు, ద్రవం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో, అంటే ఎంత చక్కెర మిగిలిందో చూపించే హైడ్రోమీటర్, దాని కొలగొట్టం కూడా కలుపుకుంటే మీ జాబితా పూర్తయినట్టే.

ప్రశ్న: మేడమ్, నా హైడ్రోమీటర్ మొదటి వాయికే పగిలిపోయింది. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి. ఇక సీసాల్లో పట్టేయవచ్చా? కొత్తది కొనాలంటే బదులుగా, వెలుతురు వంగే తీరునుబట్టి చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొననా?
– ఒక పాఠకురాలు

జవాబు: పట్టకండమ్మా, దయచేసి ఆగండి. బుడగలు ఆగడానికి కారణాలు చాలా ఉంటాయి. మూత సరిగా బిగియకపోతే గ్యాసు పక్కనుంచి పోతుంది. గది చల్లబడితే ఈస్ట్ మందగిస్తుంది. లోపల చక్కెర మిగిలి ఉండగా సీసాలో బిగిస్తే అక్కడ మళ్ళీ పులిసి, ఒత్తిడి పెరిగి, గాజు సీసా పేలుతుంది. అది చూపు పోగొట్టగల ప్రమాదం. అందుకే ఈ జాబితాలో ఏది మానేసినా హైడ్రోమీటర్ మానొద్దంటాను.

కొత్తది రెండు కొని ఒకటి పక్కన పెట్టుకోండి, సన్నటి గాజు కదా. ఎక్కువభాగం 20 డిగ్రీల దగ్గర సరిచూసి ఉంటాయి, లోపలి కాగితం మీద రాసి ఉంటుంది. ముందు మామూలు నీళ్ళలో వేసి 1.000 చూపిస్తోందో లేదో చూడండి. 40 డిగ్రీల వోర్ట్‌లో ముంచితే 0.006 దాకా తక్కువ చూపిస్తుంది, కాబట్టి చల్లార్చి కొలవండి. ఈస్ట్ వేసే ముందు 1.050, ఆఖర్న 1.012 వచ్చిందనుకోండి. తేడా 0.038, దాన్ని 131.25తో హెచ్చిస్తే సుమారు 5 శాతం ఆల్కహాల్. సీసాల్లో పట్టడానికి నేను చూసేది మాత్రం వేరు: రెండు మూడు రోజుల ఎడంతో తీసిన కొలతలు ఒక్కలాగే ఉండాలి, ఆ అంకె ఆ రకం బీరుకు తగినదై ఉండాలి. 1.025 దగ్గర ఆగిపోతే పులియడం మధ్యలో నిలిచిందేమోనని అనుమానించాలి. కొలిచిన బీరును తిరిగి బకెట్టులో పోయకండి, రుచి చూడండి. అలా చూస్తూ పోతేనే నాలుకకు బీరు ఎదిగే తీరు తెలుస్తుంది.

రిఫ్రాక్టోమీటర్‌కి రెండు చుక్కలు చాలు, మరిగించే రోజు అది హాయి. ఆల్కహాల్ పుట్టాక దాని అంకె తప్పుతుంది, లెక్కలు కట్టి సరిదిద్దాలి. మీకిప్పుడు కావలసింది చివరి అంకె.

ప్రశ్న: మాల్ట్ వేసి మీట నొక్కితే అన్నీ తానే చేసే కరెంటు యంత్రాలు వస్తున్నాయి. మొదటే అది కొంటే తప్పా?

జవాబు: తప్పేం లేదు. గింజల మాల్ట్‌ను 65 నుంచి 68 డిగ్రీల మధ్య గంటసేపు నిలపడంలో అది ఎంతో సాయం చేస్తుంది. అయితే పులియడం, శుభ్రత, సీసాలు మళ్ళీ మీ చేతిలోనే. అదే గింజల పని గిన్నెలో గుడ్డసంచీ వేసి కూడా చేయవచ్చు. ఎక్స్‌ట్రాక్ట్‌తో చెయ్యి తిరిగాక ముందు సంచీ కొని చూడండి.

ప్రశ్న: సీసాలు, మూతలు ఎలాంటివి తీసుకోవాలి? ఇంట్లో ఉన్న పాత సీసాలు పనికొస్తాయా?

జవాబు: బీరు వచ్చిన గోధుమరంగు, మందపాటి గాజు సీసాలైతే పనికొస్తాయి. మూత తిప్పి తీసే మరలున్న మెడ అయితే వద్దు, నొక్కి బిగించే రేకు క్రౌన్ మూత వాటిమీద నమ్మకంగా కూర్చోదు. వైను సీసాలు, అలంకారపు సీసాలు ఒత్తిడికి చేసినవి కావు. పచ్చ గాజు, తెల్ల గాజు వెలుతురును ఆపవు. వెలుతురు తగిలితే హాప్స్ చేదులోంచి గంధకపు దుర్వాసన పుడుతుంది, ఎండలో అయితే నిమిషాల్లోనే.

మొదటిసారికి మాత్రం గ్యాసు ఉన్న పానీయాలకోసం చేసిన పెట్ ప్లాస్టిక్ సీసాలు, స్క్రూ మూతలు తీసుకోమంటాను. రేకు మూతలు నొక్కే క్యాపర్ కొనే పని తప్పుతుంది. నొక్కి చూస్తే ఎంత గ్యాసు పట్టిందో చేతికే తెలుస్తుంది. గాజు పెంకుల భయం ఉండదు. నెలల తరబడి దాచే బీరుకు అవి సరిపోవు, గాలి మెల్లగా లోపలికి దిగుతుంది. మొదటి వాయి అన్ని నెలలు మిగలదులెండి.

లీటరుకు 6 గ్రాముల మామూలు పంచదార, అంటే 10 లీటర్లకు 60 గ్రాములు, కొద్ది నీళ్ళలో మరిగించి చల్లార్చి, బీరంతటికీ ఒకేసారి కలపండి. సీసా సీసాకూ చెంచాతో వేస్తే ఒకటి చప్పగా, ఒకటి పొంగుతూ తయారవుతాయి. బీరును చప్పుడు చేస్తూ ఎత్తునుంచి పోయకండి. గాలి కలిస్తే కొన్నాళ్ళకు తడి అట్టపెట్టె వాసన వస్తుంది. గొట్టం సీసా అడుగుదాకా దించి నింపండి. పైన రెండు వేళ్ళ ఖాళీ ఉంచి మూత బిగించి, చీకట్లో 20 డిగ్రీల దరిదాపుల్లో రెండు వారాలు ఉంచండి. పెట్ సీసా గట్టిపడ్డాక ఒకదాన్ని ఒకరోజంతా ఫ్రిజ్‌లో పెట్టి తెరవండి.