బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: అమ్మా, జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. బడికి మంచి పుస్తకాలే వచ్చాయి. పిల్లలు వాటి జోలికి పోరు. "పరీక్షలో వస్తుందా సార్?" అంటారు. హెడ్మాస్టరేమో ముందు సిలబస్ పూర్తి చెయ్యమంటారు. పాఠాలు కాని పుస్తకాల మీద వీళ్లకు ఆశ పుట్టేదెలా?
– ఒక ఉపాధ్యాయుడు, మార్కాపురం

జవాబు: మాస్టారూ, ముందు ఇది చెప్పండి. ఆ పుస్తకాల బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుంది? నా సర్వీసులో పద్దెనిమిదేళ్లు అది నా చేతిసంచీలోనే ఉండేది. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరుకు ఎవరు జవాబు చెప్పాలి, డబ్బు ఎవరు కట్టాలి అని భయం. పుస్తకాలు భద్రంగానే ఉన్నాయి. చెదలు తప్ప ఎవరూ ముట్టలేదు.

మదనపల్లె దగ్గర పని చేస్తున్నప్పుడు, ఒక వాన రోజు సగం మంది రాలేదు. పాఠం మొదలుపెట్టలేక రచయిత నామిని 'పచ్చనాకు సాక్షిగా' తీసి చదివాను. చిత్తూరు పల్లె మాటలో రాసిన పుస్తకం. రెండు పేజీలు కాకముందే వెనక బెంచీ పిల్లోడు లేచాడు. "మేడమ్, మా అమ్మ మాట్లాడినట్టే రాసుండారే! ఇట్ట కూడా పుస్తకాల్లో రాయొచ్చునా?" అంతవరకూ వాడి మాట తప్పని దిద్దుతూ వచ్చింది నేనే. ఇంతలో బెల్లు కొట్టారు. కథ సగంలో ఆగిపోయింది. మర్నాడు నేను గదిలో కాలు పెట్టకముందే "నిన్నటిది, మేడమ్" అన్నారు. ఆ తర్వాత కావాలనే సగంలో ఆపేదాన్ని, బాగా రసపట్టులో.

మీ పిల్లలకూ అదే పుస్తకం పట్టాలని లేదు. పలకల ఊరు మీది. పలకరాయి గనుల్లో పనిచేసే ఇళ్ల పిల్లలకు ఏ కథ తమదనిపిస్తుందో మీకే తెలియాలి. ముందు వాళ్ల వాకిట్లో మొదలుపెట్టండి. జపాన్ పిల్ల టొటోచాన్ బడి కథ 'రైలుబడి' ఆ తర్వాత చదవొచ్చు.

ఒక తప్పు మాత్రం చెయ్యకండి. నేను చేశాను. పిల్లలు చదువుతున్నారన్న సంబరంలో సారాంశం రాసుకురమ్మన్నాను. ఆ వెనక బెంచీ పిల్లోడు నాలుగు వాక్యాలు రాశాడు. నాలుగింటికీ ఎర్రసిరా పెట్టాను. ఆ పుస్తకమూ సిలబస్ అయిపోయింది. కథలు చదవడం మానేసిన మొదటివాడు వాడే.

హెడ్మాస్టరు గారితో వాదన పెట్టుకోకండి. వారానికి రెండుసార్లు, పీరియడ్ చివర పది నిమిషాలు అడగండి. హాజరు పిలవడానికే అంతకంటే ఎక్కువ పోతుంది మనకు.

ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే తీసుకెళ్లండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వాళ్ల అమ్మానాన్నలు కడుతూనే ఉన్నారు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలకు అన్ని బళ్లూ వెళ్తాయి, వ్యాసరచన పోటీ రాసి వచ్చేస్తాయి. మీరు ఏ పోటీ లేని మామూలు రోజు వెళ్లి, గంటసేపు వదిలెయ్యండి. కొందరు బొమ్మలే చూస్తారు. చూడనివ్వండి.

రిటైరయ్యే ముందు ఏడాది తాళం చెవి ఇద్దరు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చేశాను. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రిజిస్టరులో వాళ్లే రాసుకున్నారు. ఏడాది చివర లెక్క చూస్తే ఏడు పుస్తకాలు తగ్గాయి. డబ్బు నేనే కట్టాను. వాటిలో ఒకటి ఎవరింట్లో ఉందో తెలుసు. అడగలేదు.