బొగ్గును ఆవిరితో గ్యాసుగా మార్చడానికి ఏ కెటలిస్టు మంచిది?

ఎం.టెక్ ప్రాజెక్టుకు కెటలిస్టుగా, అంటే రసాయన చర్యను వేగంగా నడిపే పదార్థంగా, నికెల్ కొనాలా, పొటాషియం కార్బొనేట్ సరిపోతుందా అని అడిగారు. పొటాషియమే వాడండి. నికెల్ మీద డబ్బు పెట్టకండి.

అనంతపురంలో నా ప్రాజెక్టు కూడా ఇదే. బుడ్డలు కొట్టే మిషన్ దగ్గర శెనక్కాయ పొట్టు సంచుల్లో తెచ్చి, గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసేదాన్ని. ట్యూబ్ ఫర్నేసులో 750 డిగ్రీల దగ్గర దాని మీదికి ఆవిరి పంపితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వచ్చి, నీళ్లలో బోర్లించిన జాడీలోకి బుడగలుగా చేరేవి. మొదట్లో బాగానే వచ్చాయి. బొగ్గు శుభ్రంగా ఉంటే లెక్క కచ్చితంగా వస్తుందని తర్వాత డిస్టిల్డ్ వాటరుతో అయిదారు సార్లు కడిగాను. బుడగలు సగానికి పడిపోయాయి.

ఆవిరి పైపు మూసుకుపోయిందేమోనని విప్పి చూశాను. వేడిని కొలిచే థర్మోకపుల్ మార్చాను. నాలుగు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మే నెల, రోజూ కరెంటు కోత. ఫర్నేసు చల్లారితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ల్యాబులకైనా కోత లేకుండా చూడకపోతే రీసెర్చి ఎలా జరుగుతుంది?

కడిగిన నీళ్లు కిటికీ దగ్గర బీకరులోనే ఉండిపోయి, ఎండకు అడుగంటాయి. మా అటెండరు ఆ బీకరు తోమబోతూ, "పాపా, ఈ నీళ్లు చేతికి జారతా ఉండాయి, బూడిద నీళ్ల మాదిరి. మా అమ్మ వాటితోనే గుడ్డలు ఉతికేది" అన్నాడు. లిట్మస్ ముంచితే నీలం, అంటే క్షారం. పొట్టులో సహజంగా ఉండే పొటాషియం బీకరులోకి దిగిపోయింది! ఆ నీళ్లే మళ్లీ బొగ్గుకు పట్టించి, ఆరబెట్టి, ఫర్నేసులో పెట్టాను. బుడగలు మునుపటి జోరుకు వచ్చాయి. పెద్దాయన చేతులు పట్టుకుని దండం పెట్టాను.

పొటాషియం ఆ వేడికి కార్బన్ మీద పల్చగా పాకి, ఆవిరిలోని ఆక్సిజన్‌ను కార్బన్‌కు అందిస్తుంది. అది లేకపోతే 900 డిగ్రీలు దాటాల్సిన పని 700 దగ్గరే నడుస్తుంది. నికెల్ అలా పాకదు, పైగా గంధకం తగిలితే పనిచేయదు. గ్యాసుతో పాటు వచ్చే జిగట తారును విరగ్గొట్టడానికైతే నికెల్ మంచిదే. ఇదేమీ కొత్త సంగతి కాదు. పొటాషియం కార్బొనేట్ లాంటి ఆల్కలీ కార్బొనేట్ల ప్రభావం గురించి టేలర్, నెవిల్ అనే శాస్త్రవేత్తలు 1921లోనే రాశారు. 1970ల్లో అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ గని బొగ్గుకు పొటాషియం కార్బొనేట్ పట్టించి, 700 డిగ్రీల దగ్గర నేరుగా మీథేన్ తీసే పద్ధతి తయారుచేసింది. అయినా మన సెమినార్లలో చప్పట్లన్నీ ఖరీదైన నానో పొడులకే. పులివెందుల వైపు గెలలు కోశాక అరటి బోదెలు గట్ల మీద కుళ్లుతుంటే నాకు కడుపు మండుతుంది. వాటి బూడిదలో పొటాషియం దండిగా ఉంటుంది.

మీది గని బొగ్గు అయితే ఒక చిక్కుంది. మన బొగ్గుల్లో బూడిద 30 శాతం దాటడం మామూలు. అందులోని అల్యూమినా, సిలికా పొటాషియంను పట్టేసుకుని నీళ్లలో కరగనివ్వవు. కెటలిస్టు తిరిగి దక్కదు, పని కూడా మందగిస్తుంది. పొట్టుతోనో పత్తి కట్టెతోనో చేయండి, దయచేసి కడగకండి. బొగ్గును స్టీలు బోటులో, అంటే చిన్న దోనె లాంటి పాత్రలో పెట్టండి, ఫర్నేసులోని క్వార్ట్జ్ ట్యూబుకు తగలనివ్వకండి. పొటాషియం క్వార్ట్జ్‌ను తినేస్తుంది. మా ట్యూబు తెల్లబారి పగిలితే కొత్తది రావడానికి మూడు నెలలు పట్టింది.