ఎనిమిది మందికి ఒక్క గిన్నె మరగ్

చిరంజీవి అమ్మలుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం రాత్రి ఆఫీసు స్నేహితులు ఎనిమిది మంది వస్తున్నారని, మరగ్ (ఎముక మాంసంతో చేసే చిక్కటి తెల్ల రసం), కబాబులు, బిర్యానీ, డబుల్ కా మీఠా (బ్రెడ్‌తో చేసే తీపి) చేద్దామనుకుంటున్నానని రాశావు. నా మాట విని బిర్యానీ మానెయ్. హైదరాబాద్ పెళ్లిళ్లలో మరగ్ ముందు చిన్న గిన్నెలో వస్తుంది, నిజమే. అక్కడ వండేవాళ్లు వేరు, వడ్డించేవాళ్లు వేరు. నువ్వు ఒక్కదానివి దమ్ము చూసుకుంటూ కూర్చుంటే వచ్చినవాళ్లతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేవు. పైగా జీడిపప్పు ముద్దతో చిక్కబడిన మరగ్ రెండు గిన్నెలు తాగినవాళ్లకి బిర్యానీకి చోటుండదు. ఈసారి మరగ్‌నే భోజనం చెయ్యి.

మాంసం రెండు కిలోలు, ఎముకతోనే తీసుకో. నల్లి బొక్కలు కొన్ని ఎక్కువ వెయ్యమను, రుచంతా వాటిలోనే ఉంటుంది. శుక్రవారం రాత్రే ఉడికించి పెట్టుకో. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి, యాలకులు, లవంగాలు, దాల్చిన చెక్క, షాజీరా వేసి, సన్నటి సెగ మీద ముక్క ఎముకని వదిలేదాకా ఉడకాలి. మందపాటి గిన్నెలో అయితే రెండు గంటలు దాటుతుంది. పసుపు, కారం వెయ్యకు. మరగ్ తెల్లగా ఉండాలి, ఘాటు పచ్చిమిర్చి, మిరియాలే ఇవ్వాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి కొవ్వు పైన గడ్డకడుతుంది. సగం తీసెయ్, సగం ఉండనీ.

పెరుగు, జీడిపప్పు మాత్రం శనివారం సాయంత్రమే. వంద గ్రాముల జీడిపప్పు నానబెట్టి మెత్తగా రుబ్బు. కప్పు పెరుగు బాగా గిలక్కొట్టి, అందులో ఒక గరిటె వేడి రసం కలిపి, అప్పుడు గిన్నెలో పొయ్యి. మంట పెద్దదైతే పెరుగు విరిగిపోతుంది, కలపకపోతే జీడిపప్పు అడుగంటుతుంది. ఆ పావుగంట ఫోన్ పక్కన పెట్టు. దించేముందు దంచిన మిరియాలు, కొత్తిమీర, పుదీనా.

తోడుగా చార్ కోనీ నాన్, అదే నాలుగు మూలల నాన్ రొట్టె, తప్ప ఇంకేదీ వద్దు. పాతబస్తీలో 1851లో మొదలైన మున్షీ నాన్ కొట్టు వాళ్లు పేరు తెచ్చిన రొట్టె అది. మరగ్ మనకి నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల నుంచి వచ్చిందంటారు. హైదరాబాద్‌లోని బార్కాస్ పేటలో వాళ్ల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. రొట్టె రసంలో ముంచుకు తినడమే దాని అసలు పద్ధతని నా నమ్మకం. మనిషికి రెండు లెక్కన తెప్పించు, బట్టలో చుట్టి ఉంచు. గట్టిపడితే నీళ్లు చిలకరించి పెనం మీద వేడి చెయ్.

పక్కన ఉల్లి చక్రాలు, నిమ్మ చెక్కలు, కీరా. కబాబులకి బదులు, ట్రాఫిక్‌లో ఆలస్యమయ్యేవాళ్లు వచ్చేలోపు మిగతావాళ్లు నోట్లో వేసుకోవడానికి శనగ గుగ్గిళ్లు పెట్టు. డబుల్ కా మీఠా బరువు. దాని బదులు ఖుబానీ, అంటే ఎండు ఆప్రికాట్లు, శుక్రవారమే నానబెట్టుకుని చల్లగా ఇవ్వు. ఆ పులుపు ఇంత వెన్నలాంటి మరగ్ తరవాత హాయిగా ఉంటుంది. పైన మీగడ వద్దు.

మాంసం తిననివాళ్లు ఎవరో, జీడిపప్పు పడనివాళ్లు ఎవరో ఇప్పుడే అందరికీ మెసేజ్ పెట్టి కనుక్కో. మాంసం తిననివాళ్లుంటే బంగాళాదుంప, పుట్టగొడుగులు, క్యారెట్‌తో ఇదే మసాలా వేరే గిన్నెలో చెయ్, గరిటె కూడా వేరే ఉంచు. మాంసం రసంలోంచి ముక్కలు తీసేసి వడ్డించడం మహా తప్పు, వాళ్లు నిన్ను నమ్మి తింటారు. జీడిపప్పు పడనివాళ్లు ఒక్కరున్నా రెండు గిన్నెల్లోనూ అది మానేసి గసగసాలు రుబ్బి వెయ్.

లోతైన గిన్నెలు ఎనిమిది లేకపోతే మన ఇంట్లో స్టీలువి ఉన్నాయి, శుక్రవారం వచ్చి తీసుకెళ్లు. ఎముకలకి ఖాళీ పళ్లేలు కూడా పెట్టు, మర్చిపోకు.

ఇట్లు,
నీ పెద్దమ్మ