టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయింది, నీరసం మాత్రం అలాగే ఉంది. థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువైందా?

ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది, అందుకే మీకా అనుమానం. కానీ డోసు సంగతి తర్వాత. జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ బిళ్ల గానీ వేసుకుంటున్నారా? ముందు అది చెప్పండి.

నేను వేసుకున్నాను. థైరాయిడ్ ఉన్నవాళ్ల దువ్వెన ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. మా చెల్లెలు చెప్పిందని రోజుకు 10 మిల్లీగ్రాముల బిళ్ల మొదలుపెట్టాను. విటమినే కదా అని డాక్టరుకు చెప్పనే లేదు. రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.08, రక్తంలోని థైరాయిడ్ హార్మోన్ని చూపే ఫ్రీ టీ4 పైహద్దు దాటింది. పక్కన ముద్దక్షరాల్లో తక్కువని ఒక ఎల్, ఎక్కువని ఒక హెచ్. అవి చూసిన టెన్షన్‌కి గుండె దడదడలాడితే, అదీ థైరాయిడ్ ఎక్కువైనందుకే అనుకున్నాను! డాక్టరు కాగితం చూశారు, నన్ను చూడలేదు. 100 మైక్రోగ్రాముల మాత్ర 75 అయింది.

ఇక చూడండి నా అవస్థ. అందరూ ఫ్యాన్ వేసుకుంటుంటే నేను దుప్పటి కప్పుకున్నాను. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బిపోయేది. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేదాన్ని. ఏడు వారాలకు మళ్లీ టెస్టుకు వెళ్తే, రక్తం తీసే అమ్మాయి సూది పట్టుకుని అడిగింది, "మేడమ్, జుట్టు మాత్రలేమైనా వాడుతున్నారా?" అవునన్నాను. "అయితే ఈరోజు వద్దు, ఆపేసి మూడు రోజుల తర్వాత రండి" అని పంపేసింది. అలాగే వెళ్లాను. టీఎస్‌హెచ్ 14! అంటే నాకు హార్మోన్ చాలడం లేదన్నమాట.

బయోటిన్ మన హార్మోన్ల జోలికి పోదు, టెస్టును పాడుచేస్తుంది. చాలా ల్యాబుల్లో వాడే పద్ధతిలో బయోటిన్‌నే జిగురులా వాడతారు. రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగానూ, టీ4 ఎక్కువగానూ కనిపిస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. నా సీసా మీద మాత్రం నడుం దాటిన జడ బొమ్మే తప్ప ఆ ముక్క లేదు.

మీరు బయోటిన్ వాడకపోతే డోసు నిజంగానే ఎక్కువై ఉండొచ్చు. దాన్ని అలా వదిలేస్తే గుండెకూ ఎముకలకూ మంచిది కాదు, డాక్టరుకు చూపించండి. సొంతంగా మాత్ర విరగ్గొట్టుకోకండి. డోసు మార్చాక ఆరు వారాలైనా ఆగి టెస్టు చేయించుకోండి, ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. అన్నట్టు, నెలంతా మాత్ర మరిచిపోయి టెస్టుకు నాలుగు రోజుల ముందు బుద్ధిగా వేసుకునేవాళ్లుంటారు. టీ4 వాళ్లను కాపాడుతుందేమో గానీ టీఎస్‌హెచ్ పట్టించేస్తుంది. దానికి వారాల లెక్క గుర్తుంటుంది.

నాకు మళ్లీ 100 వేశాక, కొన్ని నెలలకు జుట్టు ఊడటం దానంతటదే తగ్గింది. ఆ సీసా సగం అలమరలోనే ఉంది. చెల్లెలు అడిగితే వాడుతున్నాననే చెబుతాను.