అమ్మాయి ఫ్లోరెన్స్ చదువుకి లాలాచెరువు స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌ని, డీఎస్సీ 2000 బ్యాచ్. వయసు 55. జీతం చేతికి 82,000 వస్తుంది, ఇంటి లోన్ ఈఎంఐ 18,000 ఇంకా అయిదేళ్లు కట్టాలి. అమ్మాయి బీఎఫ్‌ఏ పూర్తి చేసింది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఒక ప్రైవేటు ఆర్ట్ స్టూడియో స్కూల్లో మూడేళ్ల పెయింటింగ్ కోర్సుకి సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 18,000 యూరోలు. డిపాజిట్ కట్టడానికి 20 రోజులే గడువు. ఎఫ్‌డీలు 9 లక్షలు, జీపీఎఫ్‌లో 16 లక్షలు ఉన్నాయి. లాలాచెరువు దగ్గర స్థలం 38 లక్షలు పలుకుతోంది. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. స్థలం అమ్మాలా, లోన్ తీసుకోవాలా? బొమ్మలు వేయడానికి ఇటలీ ఎందుకని బంధువులంటున్నారు.

జవాబు: మాస్టారూ, ముందు బంధువుల మాట సంగతి చూద్దాం. మీ ఊళ్లోనే దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అండగా నిలబడబట్టే ఆయన బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్లి చదువుకోగలిగారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. అయినా వందేళ్ల తర్వాత కూడా మనం ఆయన బొమ్మల ముందు నిలబడుతున్నాం. బొమ్మలు నేర్చుకోవడానికి ఊరు దాటి వెళ్లడం గోదావరి జిల్లాకి కొత్తేమీ కాదు. అమ్మాయి వెళ్లాలి. నా అభ్యంతరం ఆ స్కూలు దగ్గర, ఆ అప్పు దగ్గర.

లెక్క సులువుగా ఉండటానికి యూరోని 100 రూపాయలు అనుకుందాం. మూడేళ్ల ఫీజు 54 లక్షలు. బతకడానికి నెలకి 1,000 యూరోలు వేస్తున్నాను. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే ఫ్లాట్‌లో గదికి 550, తిండికి 250, మిగిలిన 200 రంగులు, కాన్వాసు, బస్సు, ఫోను, ఆరోగ్య బీమాకి. మూడేళ్లకి 36 లక్షలు. విమానం, వీసా, పత్రాలకి 3 లక్షలు. అంతా కలిపి 93 లక్షలు. స్థలం మొత్తం అమ్మేసి, ఎఫ్‌డీల్లోంచి 6 లక్షలు తీసినా ఇంకా 49 లక్షలు అప్పు చేయాలి. పదిన్నర శాతం వడ్డీకి పదేళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ 66,000 అవుతుంది. చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ ఇందులో లేదు. కోర్సు మూడేళ్లు, ఆ తర్వాత బ్యాంకిచ్చే ఏడాది గడువు, వెరసి కంతులు మొదలయ్యేసరికి మీకు 59. తీరేసరికి 69. మధ్యలో 62కి రిటైరవుతారు. మీది పాత పెన్షనే అయినా, అది జీతంలో సగం దాకానే వస్తుంది. అప్పటికి అబ్బాయి చదువు కూడా నడుస్తూ ఉంటుంది.

చిత్రకారిణి మొదటి అయిదారేళ్ల సంపాదన నెలకి 66,000 కంతు మొయ్యదు. మొయ్యనక్కర్లేదు కూడా. ఆ భారం మీద పడితే అమ్మాయి నేర్చుకున్న పని వదిలేసి, ఏది దొరికితే ఆ ఉద్యోగంలో చేరాల్సి వస్తుంది. ఫ్లోరెన్స్ వెళ్లిందే బొమ్మలు వేయడానికి కదా.

ఇంకో సంగతి. ఇలాంటి ప్రైవేటు స్టూడియోల్లో చాలావాటిది సర్టిఫికెటే తప్ప డిగ్రీ కాదు. గుర్తింపు డిగ్రీ లేని కోర్సుకి బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్ ఇవ్వడానికి వెనకాడతాయి. రేపు ఏ యూనివర్సిటీలోనో ఫైన్ ఆర్ట్స్ చెప్పాలంటే గుర్తింపు ఉన్న పీజీ కావాలి. టీచరు కదా, ఆ కాగితం విలువ మీకు నేను చెప్పనక్కర్లేదు.

అదే ఊళ్లో, వియా రికాసోలి వీధిలో, అకాదెమియా ది బెల్లే ఆర్తి ఉంది. 1784లో గ్రాండ్ డ్యూక్ పియెత్రో లియోపోల్దో పెట్టించిన ప్రభుత్వ సంస్థ. పక్కనే ఉన్న గ్యాలరీలోనే మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఉంటుంది. అక్కడ బీఎఫ్‌ఏ తర్వాత రెండేళ్ల పీజీ చేయొచ్చు. ప్రభుత్వ అకాడమీ కాబట్టి ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. దేనికైనా మంచిదని నేను ఏడాదికి 2,000 యూరోలు వేస్తున్నాను. రెండేళ్ల ఫీజు 4 లక్షలు, బతకడానికి 24, ప్రయాణం, పత్రాలకి 2. మొత్తం 30 లక్షలు. ఊరు అదే, రొట్టె ధర అదే, అద్దె అదే. తేడా అంతా స్కూల్లోనే ఉంది.

అమ్మాయి ఒప్పుకోకపోవచ్చు, ఆమె మాటలో న్యాయం ఉంది. ప్రైవేటు స్టూడియోల్లో ప్లాస్టర్ విగ్రహం ముందు నెలల తరబడి నిలబెట్టి, బొగ్గుతో కొలతలు తప్పకుండా గీయించి, ఆ తర్వాతే రంగు ముట్టుకోనిస్తారు. పాత పద్ధతి ఆయిల్ పెయింటింగ్‌కి అంత గట్టి తర్ఫీదు అకాడమీలో ఉండదు. అక్కడ సమకాలీన కళకి చోటెక్కువ, విద్యార్థి సొంతంగా వెతుక్కోవాల్సిందీ ఎక్కువే. అయితే అదే అకాడమీలో ‘స్కువోలా లిబెరా దెల్ నూదో’ అని ఒక కోర్సు ఉంది. మోడల్‌ని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం నేర్పేది అక్కడే. ప్రైవేటు స్టూడియోలు వేసవిలో కొన్ని వారాల వర్క్‌షాపులు కూడా పెడతాయి. పీజీ చేస్తూ ఒక వేసవి అలాంటి దాంట్లో చేరితే ఆ ముచ్చటా తీరుతుంది, 54 లక్షల ఫీజులో చాలా భాగం మిగులుతుంది.

ఈ దారికి కట్టాల్సిన మూల్యం ఒక ఏడాది. పాఠాలు ఇటాలియన్‌లో ఉంటాయి, బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) భాష రావాలి. ఈ ఏడాదంతా రోజుకి రెండు గంటలు భాషకి, మిగతా సమయం పోర్ట్‌ఫోలియోకి పెట్టమనండి. విదేశీ విద్యార్థులు ఇటలీ ప్రభుత్వ యూనివెర్సిటాలీ పోర్టల్‌లో ముందస్తు నమోదు చేసుకోవాలి. బీఎఫ్‌ఏ అక్కడి ఏ డిగ్రీతో పోల్చదగినదో చెప్పే పత్రాన్ని, విదేశీ డిగ్రీలు పరిశీలించే ఇటలీ సంస్థ చీమెయా నుంచి తెప్పించుకోవాలి. ఏడాది వృథా అనుకోకండి. భాష వచ్చిన పిల్లకి అక్కడ ఇంటి యజమానితో మాట్లాడటం, పని వెతుక్కోవడం అన్నీ తేలికవుతాయి.

స్కాలర్‌షిప్ గురించి మీరు అడగలేదు, నేనే చెప్తాను. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతపు ప్రభుత్వ సంస్థ డీఎస్‌యూ తోస్కానా, ఆదాయం తక్కువున్న విద్యార్థులకి నగదు, హాస్టల్ గది, క్యాంటీన్ భోజనం ఇస్తుంది. మన దేశపు పిల్లలూ అప్లై చేసుకోవచ్చు. దానికి ‘ఇసే పరిఫికాతో’ అనే ఆదాయ లెక్క కావాలి. మీ జీతం, బ్యాంకు నిల్వలు, సొంత ఇల్లు అన్నీ అందులోకి వస్తాయి. పత్రాలకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర), ఇటాలియన్ అనువాదం చేయించాలి. ఈ పని నెలలు పడుతుంది, ఎండాకాలం దాకా ఆగొద్దు. చేరాక గడువులోగా కావాల్సినన్ని క్రెడిట్లు (పరీక్షలు పాసైతే వచ్చే పాయింట్లు) రాకపోతే ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారని కూడా అమ్మాయికి చెప్పండి.

ఇక 30 లక్షలు ఎక్కడివి? ఎఫ్‌డీల్లో 3 లక్షలు ఇంటి అత్యవసరాలకి ఉంచి 6 తీయండి. ఈ ఏడాది, ఆ రెండేళ్లు, మొత్తం మూడేళ్లు నెలకి 20,000 పక్కన పెడితే దాదాపు 7 లక్షలు. ఎడ్యుకేషన్ లోన్ ఏడున్నర లక్షలు. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా అంతవరకు ఆస్తి తాకట్టు అడగరు. దాని ఈఎంఐ 10,000 చిల్లర, అది అమ్మాయి కట్టగలదు, అమ్మాయే కట్టాలి. జీపీఎఫ్ నుంచి పార్ట్ ఫైనల్‌గా, అంటే తిరిగి కట్టనక్కర్లేకుండా, 5 లక్షలు. మిగిలిన నాలుగున్నర అమ్మాయి వంతు. విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు పని చేసుకోవచ్చు. మొదటి ఆరు నెలలు ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఊరు అలవాటు కావాలి. స్కాలర్‌షిప్ వస్తే జీపీఎఫ్ జోలికి వెళ్లనే వద్దు. స్థలం అలాగే ఉండనివ్వండి. అందులో అబ్బాయికీ వాటా ఉంది, మీ 70ల్లో ఆసుపత్రి ఖర్చుకీ ఉంది.

డబ్బు పంపేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి విదేశాలకి సొంత డబ్బు పంపితే, దాటినదాని మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. ఎడ్యుకేషన్ లోన్ నుంచి వెళ్లిన డబ్బుకి అది ఉండదు. పట్టుకున్నా రిటర్నులో సర్దుబాటవుతుంది. కాబట్టి ఫీజుని, మొదటి పెద్ద ఖర్చుల్ని లోన్ నుంచే పంపండి. పాత పన్ను విధానంలో ఉంటే ఆ లోన్ మీద కట్టిన వడ్డీకి పన్ను మినహాయింపు ఎనిమిదేళ్లు వస్తుంది.

వీసాకి నెలకి 540, 550 యూరోల లెక్కన నిధులు చూపిస్తే చాలంటారు. ఆ అంకె చూసి బడ్జెట్ వేసుకోవద్దు, ఫ్లోరెన్స్‌లో అది గది అద్దెకే సరిపోతుంది. 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న పాత నగరం అది. ఇళ్లన్నీ పర్యాటకుల అద్దెలకి పోతుంటే 2023లో ఆ పాత భాగంలో కొత్త పర్యాటక అద్దెలని నగరపాలక సంస్థ ఆపేసింది కూడా. డువోమో చర్చి గోపురం కనిపించే కిటికీ కోసం ఆశపడకుండా రిఫ్రెది, నొవోలి, లేదా ట్రామ్ వెళ్లే స్కాండిచ్చి వైపు చూడమనండి. అద్దె అడ్వాన్సు రెండు మూడు నెలలది ఒకేసారి కట్టాలి, అందుకని చేతిలో 2,500 యూరోలతో దిగాలి. దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి అప్లై చేయాలి. ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేరితే విద్యార్థికి ఏడాదికి 700 యూరోలు, ప్రైవేటు బీమాతో పోల్చి చూసుకోండి. నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం, ఉఫిజీ గ్యాలరీతో సహా.

డిపాజిట్ మాత్రం ఇప్పుడే కట్టకండి. నాకు తెలిసిన ఒక కుటుంబం వీసా చేతికి రాకముందే కట్టేసింది. వీసా ఆలస్యమైంది, రద్దు చేసుకునే గడువు దాటింది, మూడున్నర లక్షలు తిరిగి రాలేదు. ఈ వారంలోనే ఆ స్కూలుకి మెయిల్ రాయించండి. సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా, డిపాజిట్ ఏ పరిస్థితుల్లో వెనక్కిస్తారు, చివర్లో ఇచ్చేది డిగ్రీనా సర్టిఫికెటా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగమనండి. జవాబు వచ్చాక ఆ కాగితం పట్టుకుని అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని మీ బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్లండి. లోన్ మీద సంతకం పెట్టేది తనే కాబట్టి లెక్క తనే వినాలి.