సోమవారం ఆ ట్యాంకును స్క్రాప్‌కి పంపకండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. 1960ల నాటి ఇల్లొకటి 2019లో కొన్నాం. అప్పటికే గ్యాస్ ఫర్నేస్ ఉంది. ఇప్పుడు అమ్మకానికి పెడితే, కొనేవాళ్ళు చేయించిన ట్యాంక్ స్వీప్‌లో (నేలలో పాతిన ట్యాంకు ఉందేమోనని చేసే తనిఖీ) వెనక పెరట్లో పాత హీటింగ్ ఆయిల్ (ఇల్లు వెచ్చబెట్టడానికి మండించే నూనె) ట్యాంకు బయటపడింది. తవ్వి తీస్తే అడుగున చిల్లులు, మట్టంతా ఆయిల్ వాసన. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ చూశారు, రాష్ట్ర పర్యావరణ శాఖ (డీఈపీ) నుంచి కేసు నంబరు కూడా వచ్చింది. మేం ఒక్క గ్యాలన్ ఆయిల్ కూడా వాడలేదు. మాకు ఇల్లు అమ్మినాయన తనకేమీ తెలియదంటున్నారు. తుప్పు కవర్ కాదని ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్లోనే చెప్పేశారు. పక్కింటివాళ్ళు తమ బేస్‌మెంట్‌లో కూడా వాసన వస్తోందంటున్నారు. ట్యాంకును సోమవారం స్క్రాప్‌కి తీసుకెళ్తానని కాంట్రాక్టర్ చెప్పాడు. ఈ ఖర్చంతా మేమే భరించాలా? టెన్షన్‌తో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు: ఈ కష్టంలో మీ తప్పు ఏమీ కనిపించడం లేదు. మిగతా విషయాలకన్నా ముందు ఒక పని చేయండి. ఇది చదవగానే కాంట్రాక్టర్‌కి ఈమెయిల్ పెట్టండి: "నేను రాతపూర్వకంగా చెప్పేదాకా ట్యాంకునీ పైపుల్నీ కదల్చవద్దు, కొయ్యవద్దు, కడగవద్దు." ఫోన్లో చెప్పి ఊరుకోకండి. ఉంచడానికి చోటు లేదంటే అద్దె ఇచ్చి అయినా అతని యార్డులోనే ఉంచమనండి. ఈ కేసులో మీ తరఫున ఉన్న ముఖ్యమైన సాక్ష్యం ఆ తుప్పు పట్టిన ఇనుమే. అది కరిగిపోయాక, ఏ చిల్లు ఎప్పటిదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ మిగలరు.

ఎందుకంత పట్టుబడుతున్నానో అర్థం కావాలంటే, ఈ ట్యాంకులు ఎలా చిల్లులు పడతాయో తెలియాలి.

అప్పట్లో ఇళ్ళ పెరళ్ళలో పాతిపెట్టినవి ఎక్కువగా మామూలు స్టీలు ట్యాంకులు. 550 గ్యాలన్ల సైజు చాలా చోట్ల కనిపిస్తుంది. గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. మీద తారు పూత తప్ప మరో రక్షణ ఉండేది కాదు. తడి మట్టిలో ఉన్న స్టీలు ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఒక చోట మట్టి తడిగా, ఇంకో చోట పొడిగా ఉన్నా, గాలి ఒకవైపు తగిలి మరోవైపు తగలకపోయినా, ఆ తేడా వల్ల ఇనుములో ఒక భాగం నుంచి మరో భాగానికి సన్నగా విద్యుత్తు పారుతుంది. కరెంటు లోహాన్ని వదిలి మట్టిలోకి వెళ్ళే చోట ఇనుము కరిగిపోతుంటుంది. గుంట పూడ్చేటప్పుడు బూడిదో చిట్టెమో కలిపినా, రాయి గీసుకుని పూత లేచిపోయినా, స్టీలు ట్యాంకుకు రాగి పైపు నేరుగా బిగించినా ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. ఇది బయటి నుంచి లోపలికి పోయే తుప్పు.

లోపలి నుంచి బయటికి వచ్చేది ఇంకో రకం. హీటింగ్ ఆయిల్‌కి ఇనుమును తినే గుణం లేదు. తినేది అందులో చేరిన నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో, గాలిలోని తేమ చల్లబడి గోడలకు పట్టి కిందికి జారుతుంది. ఫిల్ పైపు (ఆయిల్ నింపే గొట్టం) మూత సరిగ్గా పట్టకపోతే వాన నీరూ దిగుతుంది. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్‌కీ నీటికీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి ఆయిల్‌ను తిని ఆమ్లాలు వదులుతాయి. గాలి తగలని బురదలో ఉండే మరో రకం బ్యాక్టీరియా సల్ఫేట్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తుంది. ఇదంతా ట్యాంకు అడుగున, అందులోనూ కొన్ని చిన్న చుక్కల దగ్గరే సాగుతుంది. అందుకే ట్యాంకు పై సగం కొత్తదానిలా ఉండి, అడుగు మాత్రం జల్లెడ అవుతుంది. ఫిల్ పైపుకి సరిగ్గా కింద ఉన్న చోటు ఇంకా బలహీనం. ఎన్నో ఏళ్ళపాటు ఆయిల్ ధార పడేదీ, కొలకర్ర తగిలేదీ అక్కడే.

గ్యాస్‌కి మారాక అడుగున కొంత ఆయిల్ వదిలేసి మర్చిపోయిన ట్యాంకులు మరీ ప్రమాదం. లోపల ఖాళీ ఎక్కువ, తేమ ఎక్కువ, పైగా చూసే దిక్కు లేదు. వాడకంలో ఉన్న ట్యాంకు కారితే బిల్లు పెరుగుతుంది, బర్నర్‌లోకి నీరు వచ్చి ఆరిపోతుంది, ఇంట్లోవాళ్ళకు అనుమానం వస్తుంది. మర్చిపోయిన ట్యాంకు కారినా ఎవరికీ తెలియదు.

చట్టానికి ఈ వివరాలన్నీ ఎందుకు కావాలంటే, తుప్పు ఒక్క రోజులో చిల్లు చేయదు. అది సాగిన ఏళ్ళలో ఆ ఇల్లు ఎవరి చేతిలో ఉంది, ట్యాంకు ఎవరు వాడారు అన్న దాన్ని బట్టే ఎవరెంత కట్టాలన్నది తేలుతుంది.

నేలలోకో నీళ్ళలోకో ఆయిల్, రసాయనాలు కారితే శుభ్రం చేసే ఖర్చు ఎవరిదో చెప్పేది న్యూజెర్సీలో 1976లో వచ్చిన స్పిల్ యాక్ట్. అది చాలా కఠినం. కాలుష్యానికి ఏ విధంగానైనా బాధ్యులైనవాళ్ళు తప్పు చేశారా లేదా అన్న ప్రశ్నతో పని లేకుండా, ఒక్కొక్కరూ మొత్తం ఖర్చుకు బాధ్యులే. కలుషిత స్థలాల్ని శుభ్రం చేయించే ఫెడరల్ సూపర్‌ఫండ్ చట్టం పెట్రోలియాన్ని మినహాయించింది. ఇంటి అవసరానికి వాడుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకుల్ని ఫెడరల్ భూగర్భ ట్యాంకుల నిబంధనలూ వదిలేశాయి. ఈ రాష్ట్ర చట్టం వదల్లేదు. ఆస్తి ఇప్పుడు మీ పేరున ఉంది కాబట్టి డీఈపీ మొదట చూసేది మీ వైపే. శుభ్రం చేసే పని ఆపి, ముందు ఎవరు కట్టాలో తేల్చుకుంటామంటే కుదరదు. కారే కొద్దీ ఖర్చు పెరుగుతుంది.

అయితే మీరే మొత్తం మింగాలని దీని అర్థం కాదు. రెండు దారులున్నాయి.

మొదటిది, తెలియక కొన్నవారికి చట్టం ఇచ్చే రక్షణ. 1993 సెప్టెంబర్ 14 నుంచి ఆస్తి కొన్నవాళ్ళు, కొనే ముందు తగినంత విచారణ చేసి, అంతకుముందు జరిగిన కాలుష్యం గురించి తెలుసుకోలేకపోయామని నిరూపించుకోవాలి. ఇక్కడ మిమ్మల్ని సూటిగా ఒక మాట అడగాలి: 2019లో కొనేటప్పుడు మీరు ట్యాంక్ స్వీప్ చేయించారా? చేయించి, ఏమీ లేదని రిపోర్టు వచ్చి ఉంటే ఆ కాగితం ఎక్కడున్నా వెతకండి. ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ పాత్ర కూడా అప్పుడు చర్చకు వస్తుంది. చేయించకపోతే, 1960ల ఇంట్లో ఆయిల్ ట్యాంకు ఉండొచ్చని అనుమానించాల్సింది కదా అని అవతలివాళ్ళు అంటారు. ఆ రక్షణ బలహీనపడుతుంది. ట్యాంకులో మిగిలిన ఆయిల్ 2019 తర్వాత కూడా కారి ఉంటే మరో చిక్కు, ఎందుకంటే ఆ భాగం మీరు కొనక ముందు జరిగింది కాదు.

రెండోది, నేను ఎక్కువ నమ్మకం పెట్టుకునేది, ఖర్చులో వాటా కోరే దావా. 1991లో చేసిన సవరణతో, శుభ్రం చేసినవాళ్ళు మిగతా బాధ్యుల నుంచి వాటా రాబట్టుకునే హక్కు చట్టంలోకి వచ్చింది. కోర్టు న్యాయం అనిపించిన ప్రాతిపదికన ఖర్చు పంచుతుంది. మీకు అమ్మినాయనే కాదు, ట్యాంకు కారుతున్న కాలంలో ఆ ఇంటికి యజమానులుగా ఉన్న అంతకుముందువాళ్ళు కూడా దీని కిందికి రావచ్చు. ఆయన "నాకు తెలియదు" అన్నా ఈ దావాలో అది సరిపోయే సమాధానం కాదు.

కాలం దాటిపోయిందేమో అన్న భయం వద్దు. మోరిస్‌టౌన్ అసోసియేట్స్ అనే కేసు ఇలాంటిదే. 1979లో కొన్న షాపింగ్ సెంటర్‌లో, ఒక డ్రై క్లీనింగ్ షాపు హీటింగ్ ఆయిల్ ట్యాంకు దగ్గర 2003లో కాలుష్యం బయటపడింది. ఆ ట్యాంకు బాగానే ఉంది! కుళ్ళిపోయినవి దాని ఫిల్ పైపూ, గాలి పోయే వెంట్ పైపూ. వాటి చిల్లుల్లోంచి ఆయిల్ ఏళ్ళ తరబడి మట్టిలోకి పోయింది. దావా వేసేసరికి ఆరేళ్ళ గడువు దాటిందని కింది కోర్టులు అడ్డం చెప్పాయి. 2015లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, స్పిల్ యాక్ట్ కింద వాటా కోరే దావాకు ఆ గడువు వర్తించదని తేల్చింది. పైపుల్ని కూడా కదల్చవద్దని మొదట్లోనే చెప్పింది ఈ కేసు గుర్తుండే. శుభ్రం చేయడం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదని, డీఈపీ తుది ఆమోదానికి ముందే దావా వేయొచ్చని 2014లో మ్యాజిక్ పెట్రోలియం కేసులో అదే కోర్టు చెప్పింది.

కానీ దావా వేయగలగడం వేరు, గెలవడం వేరు. 2012లో డైమంట్ కేసులో సుప్రీంకోర్టు, ఫలానావాళ్ళ కారుడుకీ ఈ మట్టిలో ఉన్న కాలుష్యానికీ తగిన సంబంధం చూపాలని స్పష్టంగా చెప్పింది. అక్కడ ఒక పైపు నుంచి చుక్కలు పడడం అధికారులు కళ్ళారా చూశారు. అయినా నీళ్ళలోని కాలుష్యం దాని వల్లే అని నిరూపించలేక రాష్ట్రమే ఓడిపోయింది. రాష్ట్రానికే అలా జరిగితే, ట్యాంకును స్క్రాప్‌కి పంపేసిన ఒక కుటుంబం ఏం చూపించగలదు?

అందుకని తుప్పు పట్టిన లోహాన్ని చదవగల ఇంజనీరును పిలిపించండి. చిల్లు లోపలి వైపు వెడల్పుగా ఉండి బయట సూది మొనంత ఉంటే తుప్పు లోపల మొదలైందని అర్థం, బయట వెడల్పుగా, లోపల సన్నగా ఉంటే మట్టి వైపు నుంచి. అల్ట్రాసోనిక్ మీటరుతో గోడ ఎక్కడెక్కడ ఎంత పలచబడిందో కొలుస్తారు. అడుగున మిగిలిన నీరు, బురద శాంపిల్ తీస్తారు. మట్టిలోని ఆయిల్ ఎంత పాతదో అంచనా వేసే రసాయన పరీక్షలూ ఉన్నాయి. వాటిని అవతలి నిపుణులు గట్టిగా ప్రశ్నిస్తారు కాబట్టి వాటి మీదే ఆధారపడకండి. కొలిచే ముందు మీకు అమ్మినాయనకీ, ఇన్సూరెన్స్ కంపెనీలకీ, తెలిస్తే అంతకుముందు యజమానులకీ ఉత్తరం రాసి, కావాలంటే వచ్చి చూసుకోమనండి. లేకపోతే సాక్ష్యాన్ని మీరే పాడుచేశారని రేపు మీ మీదే నింద వేస్తారు.

ఇనుముకు తోడు కాగితాలు కావాలి. టౌన్‌షిప్ ఆఫీసులో ఓప్రా (ప్రభుత్వ రికార్డులు అడిగి తీసుకునే హక్కు ఇచ్చే రాష్ట్ర చట్టం) దరఖాస్తు పెట్టి మీ ఇంటి పర్మిట్ ఫైలు అడగండి. గ్యాస్ ఫర్నేస్ పెట్టిన పర్మిట్ తేదీ దొరికితే ట్యాంకు ఎప్పుడు వాడకం మానిందో దాదాపు తెలిసిపోతుంది. ఆ పర్మిట్ మీకు అమ్మినాయన పేరు మీదే ఉంటే, పెరట్లో ట్యాంకు ఉందని తనకు తెలియదన్న ఆయన మాటకు విలువ తగ్గిపోతుంది. అప్పుడు మోసం కింద వేరే దావాకు దారి తెరుచుకుంటుంది. ఇంట్లోని దాగి ఉన్న లోపాన్ని తెలిసి దాచిపెట్టిన అమ్మకందారును బాధ్యుణ్ణి చేయవచ్చని 1974లో వైన్‌ట్రాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో దాచిన లోపం బొద్దింకలు. ట్యాంకు అంతకన్నా పెద్ద విషయం. కాంట్రాక్టులో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాం) అని రాసినంత మాత్రాన తెలిసి దాచినవారికి అది కవచం కాదు. ఒక్క జాగ్రత్త: మోసం దావాకు ఆరేళ్ళ గడువు ఉంది. మీకు తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడి కాలం గడపకండి.

ఇన్సూరెన్స్ సంగతి. ఫోన్లో చెప్పిన "కాదు"ను కాదుగా తీసుకోకండి. రాతపూర్వకంగా క్లెయిమ్ వేసి, రాతపూర్వకంగా జవాబు అడగండి. తుప్పు కవర్ కాదన్నది మీ సొంత ఆస్తికి జరిగిన నష్టానికి సంబంధించిన భాగం. అదే పాలసీలో ఇతరులకు జరిగిన నష్టానికి మీ బాధ్యతను చూసే మరో భాగం ఉంటుంది. మీ పెరటి మట్టి మీ సొంతం కాబట్టి దానికి ఆ భాగం సాధారణంగా వర్తించదు. ఆయిల్ భూగర్భ జలాల్లోకో పక్కింటి స్థలంలోకో పోయి ఉంటే మాట మారుతుంది. పక్కింటివాళ్ళ వాసన ఫిర్యాదు మీకు భయంగా ఉండొచ్చు, కానీ ఇన్సూరెన్స్ తలుపు తెరిచేదీ అదే కావచ్చు. ఇప్పటి పాలసీల్లో కాలుష్యం మినహాయింపు ఉండొచ్చు, కాబట్టి పాత యజమానుల పాత పాలసీలు కూడా వెతికించండి. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా సాగిన నష్టానికి, అది సాగిన కాలంలోని పాలసీలన్నీ స్పందించాలన్న సూత్రాన్ని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో ఓవెన్స్-ఇల్లినాయ్ కేసులో ఒప్పుకుంది. ఆ తుప్పు ఎన్నేళ్ళు సాగిందో కొలిచిన రిపోర్టు ఇక్కడా అక్కరకొస్తుంది.

మీ అమ్మకం గురించి. కొనేవాళ్ళతో దాపరికం వద్దు. వాళ్ళకు ఇప్పటికే తెలుసు కూడా. ఇలాంటి కేసుల్లో పని పూర్తయ్యాక డీఈపీ నుంచి "ఇక చర్య అవసరం లేదు" అనే ఉత్తరం వస్తుంది, దాన్నే ఎన్‌ఎఫ్‌ఏ అంటారు. అది వచ్చేదాకా క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు చేతులు మారే రోజు) వాయిదా వేయమని మీ అటార్నీ చేత అడిగించండి. కొంత డబ్బు ఎస్క్రోలో (పని అయ్యేదాకా మధ్యవర్తి దగ్గర) పెట్టి ముందే క్లోజ్ చేద్దామని ఎవరైనా అంటే, కొనేవాళ్ళ లోన్ ఇచ్చే బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందు తెలుసుకోండి. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

ఈ పని చేసే కాంట్రాక్టర్‌కి డీఈపీ సర్టిఫికేషన్ ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి. పక్కింటివాళ్ళను అటార్నీ ఉత్తరంతో పలకరించకండి, మీరే వెళ్ళి కలవండి. వాసన ఎప్పటి నుంచి వస్తోందో అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే బేస్‌మెంట్ గాలిని పరీక్ష చేయించండి. పిల్లలు ఆ గదిలో పడుకుంటుంటే, ఫలితం వచ్చేదాకా పై అంతస్తులో పడుకోబెట్టమని చెప్పండి.